వానాకాలం పుటలోని తలుపు

ఏప్రిల్ 3

పిచ్చుకా,

నిన్న మధ్యాహ్నం కిటికీలోంచి వచ్చిన ఎండ నా పుస్తకాల బీరువా మూడో అరను తాకింది. మన ఒప్పందం ప్రకారం వేసవి వచ్చినట్టే. కనుక పదకొండో ఏటి ఆటను, పెద్దదాన్ని గనుక, నేనే ఆరంభిస్తున్నాను.

నిబంధనలు నీకు తెలియనివి కావు. అయినా పోయినేడు వాటిని నువ్వు నీ సౌకర్యానికి వంచిన తీరు మరవలేదు గనుక మళ్ళీ రాస్తున్నాను. ఉత్తరానికొక హైకూ. అందులో ఒక ఋతుపదం, ఒక చిన్ననాటి జ్ఞాపకం. ఆ పదం మనమిద్దరం నాన్న అచ్చాఫీసు నుంచి తెచ్చిన పాత కాగితాలతో చెరో ప్రతి కుట్టుకున్న ఋతుపదాల పుస్తకంలో, వేసవి పుటల్లోనే ఉండాలి. కల్పన నిషిద్ధం. ఋతువు తప్పినవారు తమ పద్యాన్ని పదిసార్లు గుండ్రటి అక్షరాలతో రాసి పంపాలి.

నీ చెవులు ఫోనుకు లొంగడం మానేసిన నాటి నుంచి మనకు ఉత్తరాలే దిక్కయ్యాయని నువ్వు బాధపడతావు గాని, నాకది లాభమే. కాగితం మీద నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

ఇక్కడి విశేషం ఒక్కటే. మా పక్కనున్న పాత ఐసు ఫ్యాక్టరీని పడగొట్టి పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. నేల కింద రెండు అంతస్తులట. నా మధ్యాహ్నపు నిద్రను అందులోనే పూడ్చేశారు. యంత్రం మా గోడకు నాలుగడుగుల దూరంలో గుర్రుపెడుతూ ఉంటుంది. ఆ విషయంలో నీ భర్తను మించింది. కింది వాటాలోని దర్జీ సూదిలో దారం ఎక్కించడానికి యంత్రం ఆగేదాకా కాచుకుని కూర్చుంటున్నాడు.

ఇంతకు మించి ఈ ఇంటి సంగతులు అడగకు. పోయినేడు స్నానాల గదిలో కాలు జారిన ముచ్చట నీకు రాసిన పాపానికి, మూడు నెలల పాటు నువ్వూ నీ కూతురూ కలిసి నన్ను మీ ఇంటికి మార్చే ప్రయత్నం చేశారు. ముప్పై మూడేళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి, పెళ్ళి మాట తలపెట్టకుండా, సొంత జీతంతో కొనుక్కున్న మేడ ఇది. దీని లోపాలేవీ ఇకపై నా ఉత్తరాల్లోకి రావని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను.

మండు వేసవి తలుపు
భుజం ఆనిస్తేనే కదిలింది:
నాన్న చొక్కా సిరా వాసన

నీ జవాబులో పొగడ్త తక్కువగా, పద్యం ఎక్కువగా ఉండాలని కోరుతూ,
అక్క


ఏప్రిల్ 11

దొరసానమ్మా,

పొగడ్త తక్కువేం ఖర్మ, అసలు లేదు. శిక్ష ఉంది. కళ్ళజోడు పెట్టుకుని మన పుస్తకం తియ్యి. పందొమ్మిదో పుట, వానాకాలం, పై నుంచి నాలుగో వరస: "బిగిసిన తలుపు". ఎవరి చేతిరాతో చూసుకో. నీదే. నాన్న గది తలుపు వానల్లో ఉబ్బి బిగిసిపోయేది. నువ్వు భుజంతో గుద్దితే వచ్చేది. నాన్న లోపల ప్రూఫులు దిద్దుకుంటూ "తలుపా, ఏనుగా?" అని అడిగేవాడు. ఎండాకాలం మాత్రం అదే తలుపు గాలికి కొట్టుకుంటూ ఉంటే మడత పెట్టిన కాగితం కింద దోపేవాళ్ళం. ఆ కాగితం మడిచి ఇచ్చింది నేనే. కాబట్టి పదిసార్లు రాసి పంపు. గుండ్రంగా.

నీ మరిది గుర్రును యంత్రంతో పోల్చావని చదివి వినిపించాను. యంత్రానికి సాయంత్రం సెలవు ఉంటుంది కదా అన్నారు. ఆయన దృష్టిలో అది తనకు గెలుపు.

ఇదిగో నాది. పుస్తకంలో పుట సంఖ్య కూడా ఇస్తున్నాను, నీలా కాదు.

తడి తెర కింద
ఇద్దరికీ ఒకే విసనకర్ర
ఎవరి వంతో మరిచాం

(పదకొండో పుట, విసనకర్ర.) వంతు నీదే అక్కా. అరవై అయిదేళ్ళుగా నీదే.

నీ శిక్ష కోసం పోస్టు పెట్టె వైపు చూస్తూ,
పిచ్చుక


ఏప్రిల్ 20

పిచ్చుకా,

శిక్షను స్వీకరించడం లేదు. తలుపు బిగిసింది, నా భుజం సాక్ష్యం. నేను చూసినది రాశాను. అది ఏ తలుపో, ఏ నాటిదో చెప్పవలసిన బాధ్యత పద్యానికి లేదు. ఆధారం లేని వాక్యం రాసిన విద్యార్థిని నేను ఎన్నడూ క్షమించలేదు. అదే కొలత నాకూ వర్తిస్తుంది.

విసనకర్ర బాగుంది. "మరిచాం" అనడంలోని దొంగతనం ఇంకా బాగుంది. నువ్వు మరవలేదు. నా వంతు వచ్చేసరికి నిద్ర నటించేదానివి.

నిన్న దర్జీ మెట్లెక్కి వచ్చి, అమ్మగారూ, మీకు పైన ఏమైనా తేడాగా ఉందా అని అడిగాడు. అతని దుకాణంలో కింద పడిన దారపు రీళ్ళన్నీ పక్క గోడ మూలకే పోయి చేరుతున్నాయట. గచ్చు వేసి పాతికేళ్ళయింది, అరిగి ఉంటుందని చెప్పి పంపాను. అతను తల ఊపాడు గాని వెంటనే దిగిపోలేదు. కాసేపు మా గోడకు అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు నిలబడ్డాడు. దర్జీలు దేన్నయినా కొలవకుండా ఉండలేరు.

గుడ్లు మోస్తూ చీమలు
గోడలోంచి బయటికి
అమ్మ చీపురు ఆగింది

అమ్మ చీమల బారు దాటేదాకా ఊడవకుండా నిలబడేది, గుర్తుందా? ఒక చేత్తో కొంగు ఎత్తి పట్టుకుని, ఊరేగింపుకు దారి ఇచ్చినట్టు. నేనూ మొన్న పొద్దున అలాగే నిలబడ్డాను. వంటింటి గోడలోంచి అరగంట సేపు నడిచాయి. ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

తన భుజాన్ని తానే నమ్ముకున్న
అక్క


ఏప్రిల్ 29

అక్కా,

ఈసారి ఎగతాళి చెయ్యను. కానీ చెప్పకుండా ఉండలేను. గుడ్లు మోసే చీమలు ఇరవయ్యో పుట. అదీ వానాకాలమే. వాన రాబోతుంటే చీమలు గుడ్లు మోసుకుని పోతాయని, అమ్మ ఆ బారును చూసే ఆరేసిన బట్టలు తెచ్చుకునేదని నాకు నేర్పింది నువ్వే. ఇక్కడ ఆకాశంలో గోరంత మబ్బు లేదు. అక్కడా లేదని పేపర్లో రాశారు. మరి నీ చీమలు ఏ వానకు బయల్దేరాయి?

పదేళ్ళలో నువ్వు ఒక్కసారి కూడా ఋతువు తప్పలేదు. నేను ఏటా రెండు మూడుసార్లు తప్పితే నువ్వు నవ్వేదానివి. ఇప్పుడు వరసగా రెండు. రెండూ నువ్వే స్వయంగా రాసిన పదాలు. నాకు నవ్వు రావడం లేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? వేళకు తింటున్నావా? మందులు మరిచిపోవడం లేదు కదా?

మా అమ్మాయికి, అదే మన నర్సమ్మకు, ఆస్పత్రి పని మీద మీ ఊరు రావలసి ఉందట. ఒక పూట నీ దగ్గర ఆగుతానంటోంది. కాదనకు. దానికి పెద్దమ్మంటే ప్రాణం.

ఈసారి పద్యం రాయలేదు. మనసు కుదరలేదు.

నీ పిచ్చుక


మే 9

చెల్లీ,

నీ నర్సమ్మ వచ్చి వెళ్ళింది. కూర్చోబెట్టి మర్యాద చేశాను. పిల్ల చక్కగా ఎదిగింది; నాడి చూసేటప్పుడు కూడా చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. అయితే మాటల మధ్యలో ఒక కాగితం ఇచ్చి, పెద్దమ్మా, సరదాకి ఒక గడియారం బొమ్మ గీసి పదీ పది చూపించు అంది. గీశాను. వెనక నుంచి లెక్కపెట్టమంది. వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ రెండు దాకా వచ్చి, ఇంకా కిందికి దిగమంటావా అని అడిగాను. దాని ముఖం కందిపోయింది. ఆస్పత్రి పని మీద వచ్చినవారు పెద్దమ్మల చేత గడియారాలు గీయించరని నాకు తెలుసు. ఎవరు పంపారో నువ్వే రాస్తావని ఎదురుచూస్తాను.

అది వచ్చినప్పుడు తలుపు తీయడం ఆలస్యమైంది. గడియ తీయడం మరిచాను తల్లీ అని చెప్పాను. ఒక్కొక్కప్పుడు మతిమరుపు మర్యాదగా ఉంటుంది. ఇంటి లోపాలు ఎవరికీ చెప్పుకోనని నేను ఇచ్చుకున్న మాట నీకు గుర్తుండే ఉంటుంది.

దర్జీ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. పద్దెనిమిదేళ్ళు ఉన్నవాడు రెండు పూటల్లో సర్దుకున్నాడు. యంత్రం చప్పుడు భరించలేక అన్నాడు. వెళ్ళేముందు మీరూ కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళరాదా అమ్మగారూ అన్నాడు. ఇంట్లోవాళ్ళు చాలక దర్జీలు కూడా నన్ను కదపాలని చూస్తున్నారు. ఇప్పుడు కింద ఖాళీ గదిలోంచి అప్పుడప్పుడు ఒక చప్పుడు వస్తుంది, ఎవరో వేళ్ళు విరుచుకున్నట్టు. ఎలుకలు కావచ్చు. ఎలుకలైతే మాత్రం ఈ మధ్య ఒక్కటీ కంటపడలేదు.

బీరువా సర్దుతుంటే మన సీసా రంగు గోలీ దొరికింది. అందులో ఒక బుడగ ఉంటుంది, నువ్వు దాన్ని మింగబోతే నేను నీ దవడలు పట్టుకుని లాగానే, అదే.

సెలవుల మధ్యాహ్నం
ఎవరూ తాకని గోలీ
తనంతట మూలకు

గోలీలు వేసవి పుటలోవే. పద్నాలుగు. చూసుకో.

జవాబు కోసం ఎదురుచూసే
అక్క


మే 17

అక్కా,

ముందు గోలీ గురించి. ఇన్నేళ్ళ ఆటలో నువ్వు రాసిన వాటన్నిట్లోకీ ఇదే గొప్పది. "ఎవరూ తాకని" దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. చప్పుడు లేని ఆ మధ్యాహ్నాలు, చల్లటి గచ్చు, మన ఇద్దరి బోర్లా పడుకున్న పొట్టలు, అన్నీ కళ్ళకు కట్టాయి. గట్టిగా చదివి వినిపిస్తే నీ మరిది కూడా పేపరు పక్కన పెట్టారు. మా అక్క మళ్ళీ మా అక్కయిందని సంతోషపడ్డాను.

ఇక నువ్వు అడిగింది. పంపింది నేనే. అబద్ధం ఆడను. అది తిరిగొచ్చి, పెద్దమ్మ లెక్కలు నాకన్నా బాగా చేసింది గానీ అమ్మా, తలుపు తీయడానికి అయిదు నిమిషాలు పట్టింది, గడియ సంగతే మరిచిపోయిందట, తనే చెప్పింది అంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. లెక్కలు నిలిచి రోజువారీ పనులు జారిపోవడం కూడా ఒక మొదలేనట. తలుపు, చీమలు, ఇప్పుడు గడియ. నేను చూస్తూ ఊరుకోలేనక్కా. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.

వచ్చే నెల మొదటి వారంలో అది వచ్చి నిన్ను ఇక్కడికి తీసుకొస్తుంది. పైగది నీ కోసం సున్నం వేయించాం. పుస్తకాలన్నీ తెచ్చుకో. ఇప్పుడే చూపించుకుంటే ఫర్వాలేదంటున్నారు డాక్టరు. కోప్పడు, తిట్టు, కానీ రా.

నీ పిచ్చుక


మే 26

గౌరవనీయులైన చెల్లెలుగారికి,

మీ ఉత్తరం అందింది. నాకు తెలియకుండా నా బుద్ధిని పరీక్షించడానికి మీ కుమార్తెను పంపి, ఫలితాన్ని మీరూ మీ భర్తా డాక్టరూ కలిసి చర్చించుకుని, నా కోసం ఒక గదికి సున్నం వేయించిన సంగతి గ్రహించాను. చిన్నప్పుడు కూడా మీరు నన్ను అడగకుండానే అమ్మకు చెప్పేవారు. వయసు మీలో ఏమీ మార్చలేదని సంతోషిస్తున్నాను.

ఒక్క మాట రాసి ముగిస్తాను. తలుపు నేను చూసినదే. చీమలు నేను చూసినవే. గోలీని ఎవరూ తాకలేదు, నేను చూస్తుండగా అది కదిలింది. ఇందులో ఏదీ మరుపు కాదు. అంతకు మించి నా ఇంటి గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

మీ కుమార్తె రానవసరం లేదు. వస్తే తలుపు తీయను. ఫోను మోగినా ఎత్తను. మీ చెవులు వినవు గనుక ఎత్తితే వినబడేది డాక్టరో, అతని తరఫు మనిషో అని తెలుసు.

ఈ వేసవి ఆట ఇంతటితో సరి. పుస్తకం మీ ప్రతిని మీరే ఉంచుకోండి.

ఇట్లు,
మీ కన్నా ఆరేళ్ళు పెద్దదైనందువల్ల మాత్రమే అక్కనైన వ్యక్తి


జూన్ 4

అక్కా,

ఈ ఉత్తరం చదువుతున్న చోటే లేచి నిలబడు. చెప్పులు వేసుకుని కిందికి దిగు. మిగతాది వీధిలో చదువుకో.

ఇవాళ పొద్దున మా వంటింటి కిటికీ బాగుచేయడానికి వడ్రంగి వచ్చాడు. అతను చిత్రిక పడుతుంటే ఊసుపోక నీ తలుపు పద్యం సంగతి చెప్పాను, మా అక్క ఎండాకాలంలో తలుపు బిగిసిందని రాసింది చూడు నాయనా, మనిషికి మరుపొచ్చేసింది అని. నాకు వినపడదని తెలుసు కదా, అతను చిత్రిక కింద పెట్టి, నా ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కొక్క మాటా పెదాలు కదిపి చెప్పాడు.

"ఎండల్లో చెక్క ఎండి వదులవ్వాలమ్మా. బిగిసిందంటే చెడింది తలుపు కాదు. గోడ వంగుతోంది. పక్కన ఎవరైనా తవ్వుతున్నారా?"

నీ మొదటి ఉత్తరం తీసి చూశాను. నాలుగడుగుల దూరం అని రాశావు. అన్నీ తీసి నేల మీద వరసగా పరిచాను. దర్జీ రీళ్ళు. గోడ వదిలిన చీమలు. కింద గదిలో చప్పుడు. ఎవరూ తాకని గోలీ. నేను దాన్ని గొప్పగా ఉందని మెచ్చుకున్నాను అక్కా. నీ కాళ్ళ కింద ఇల్లు ఒరుగుతోందని నువ్వు రాస్తే, నాకు ఒళ్ళు జలదరించిందని, బాగుందని రాశాను.

నువ్వు ఋతువు తప్పలేదు. చిన్నప్పుడూ అంతే, నువ్వు చూసిందే చెప్పేదానివి. కలిపి చెప్పేదాన్ని నేను. గడియ మరిచానని నువ్వాడిన ఒక్క అబద్ధాన్ని నమ్మాను గానీ మిగతా నిజాలన్నిటినీ కొట్టేశాను.

నీ మరిది పొద్దుటి నుంచి ఫోను చేస్తూనే ఉన్నారు. మోగుతోంది, నువ్వు ఎత్తడం లేదు. మీ దర్జీ కొత్త దుకాణం ఎక్కడుందో వాకబు చేసి, అతనికి కబురు పంపారు. పరుగున వెళ్తున్నానన్నాడట. నర్సమ్మ ఈ ఉత్తరం పట్టుకుని మధ్యాహ్నం రైలెక్కుతోంది. మీ ఊళ్ళో ఇవాళ వాన పడవచ్చని రేడియోలో చెప్పారని నీ మరిది కాగితం మీద రాసి చూపించారు. వాన పడితే ఆ గోతిలోకి నీళ్ళు దిగుతాయి. ఆ తర్వాత సంగతి అడిగితే వడ్రంగి, ముందు మీ అక్కగారిని బయటికి రప్పించండమ్మా అన్నాడు.

ఇంకెప్పుడూ నిన్ను రమ్మనను. నీకు ఎక్కడ ఉండాలని ఉంటే అక్కడే ఉండు. ఆ గోడల మధ్య మాత్రం వద్దు.

పరుగెత్తుకుంటూ,
నీ పిచ్చుక


జూన్ 4

పిచ్చుకా,

"మీరు" అని రాసినందుకు తొమ్మిది రోజులుగా నా చెయ్యే నన్ను నిలదీస్తోంది. కోపం ఇంకా ఉంది గాని, దాన్ని నిభాయించడానికి వెనకటి ఓపిక లేదు. పైగా ఇవాళ నీకు తప్ప మరెవరికీ చెప్పలేని కబురు ఒకటి ఉంది.

వాన వచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారిగా చీకటి కమ్మి, తర్వాత కుండపోత. పక్కన యంత్రాన్ని ఆపేసి పనివాళ్ళు వెళ్ళిపోయారు. రెండు నెలల తర్వాత నా ఇంట్లో యంత్రపు గుర్రు లేదు. వాన హోరు, గోతిలోకి నీళ్ళు దిగే చప్పుడు తప్ప మరేమీ లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇప్పుడు నువ్వు ఓడిపోయావు. పందొమ్మిదో పుట తియ్యి: వానాకాలం, బిగిసిన తలుపు. ఇక నా తలుపు ఋతువు తప్పిందని ఎవరూ అనలేరు. ఆట గెలిచాను గనుక నిజం కూడా ఒప్పుకుంటున్నాను. ఆ తలుపు నాన్న గదిది కాదు, నాదే. మొన్నటి నుంచి అది భుజానికి కూడా లొంగడం లేదు. చెబితే నువ్వు సున్నం వేసిన గదికి బండి కట్టిస్తావని చెప్పలేదు. నాకేమీ లోటు లేదు. కిటికీలోంచి తాడుకు బుట్ట కట్టి కూరగాయలు పైకి లాగుతున్నాను, ఉత్తరాలు కిందికి దింపుతున్నాను. వానలు తగ్గాక వడ్రంగిని పిలిపిస్తాను.

మీ ఫోను పొద్దుటి నుంచి పదకొండుసార్లు మోగింది. లెక్కపెట్టాను, నీ నర్సమ్మకు చెప్పు. ఎత్తలేదు. ఇందాక ఎవరో తలుపు కూడా దబదబా బాదారు. దర్జీ గొంతులా ఉంది, వాన హోరులో మాటలు తెలియలేదు. తలుపు రాదు నాయనా, వాన వెలిశాక రా అని లోపలి నుంచే చెప్పాను. చాలాసేపు బాది వెళ్ళాడు. మరిచిపోయిన కత్తెర ఏదైనా ఉందేమో.

పైగది మాట. వేసవి పోయాక ఒక పది రోజులు వస్తాను. నీ డాక్టరు కోసం కాదు. గుండ్రటి అక్షరాలతో నువ్వు పదిసార్లు రాయడం ఎదురుగా కూర్చుని చూడాలి. శిక్ష నీది, మరవకు. సిరా నేను తెస్తాను.

మొదటి వాన
నా తలుపుకు ఇప్పటికి
తన ఋతువు దొరికింది

ఇందులో చిన్ననాటి జ్ఞాపకం ఏదని అడుగుతావేమో. నువ్వే. తొలి చినుకుకు నువ్వు వీధిలోకి పరుగెత్తి, చేతులు పైకెత్తి, నన్ను కూడా రమ్మని కేకలు వేసేదానివి. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

ఇప్పుడు కూడా కింద వీధిలో అలాగే ఉంది. ఇరవై ముప్పై మంది తడుస్తూ నిలబడి మా మేడ వైపు చూస్తున్నారు. దర్జీ అందరికన్నా ముందున్నాడు. చేతులు పైకెత్తి ఊపుతూ ఏదో కేకలు వేస్తున్నారు. వాన హోరులో ఒక్క మాటా వినబడడం లేదు. ఇన్నేళ్ళు ఈ వీధిలో ఉన్నాను, వాన అంటే వీళ్ళందరికీ ఇంత ఇష్టమని నాకు తెలియదు.

ఉత్తరాన్ని నూనె గుడ్డలో చుట్టి బుట్టలో పెడుతున్నాను. దింపి, నేనూ ఒకసారి చెయ్యి ఊపి వస్తాను.

నీ
అక్క